కట్టడి పుస్తకం

నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఊళ్ళో ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ ముత్యాలే ఒక నిర్దోషిని ఎనిమిది నెలలు జైల్లో కూర్చోబెట్టాయి. గొడ్లకు విషం పెట్టినవాడని అతని మీద ముద్ర వేయించాయి. అతని పేరు లేవి. మా గానుగపెంటలో చెప్పులు కుట్టేవాడు, తోళ్ళు పదును చేసేవాడు. నా పేరు హుసేన్ వలి. అప్పట్లో ఆ ఊరి బడి మాస్టరును. ఇరవై రెండేండ్లవాణ్ణి, నాకంటే తెలిసినవాడు చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో లేడనుకునేవాణ్ణి.

ఇదంతా పంతొమ్మిది వందల ముప్పై మూడో సంవత్సరంలో జరిగింది. శివరాత్రికి మొదలై మృగశిర కార్తె లోపల అయిపోయింది. ఆ నాలుగు నెలల్లో మా ఇంట్లో కాడి మూలకు చేరింది, మా నాయన నాతో మాట్లాడటం మానేశాడు.

ముందు కట్టడి అంటే ఏమిటో చెప్పాలి. ఇప్పటివాళ్ళకు తెలియదు, తెలియనివాళ్ళే ఎక్కువ నవ్వుతారు. పక్క ఊళ్ళో గొడ్లకు రోగం తగిలిందని తెలిసిన పూటే ఊరి పెద్ద అయిన రెడ్డి, లేవికి కబురు పెట్టేవాడు. లేవి తప్పెట కొట్టుకుంటూ ఊరంతా తిరిగి కట్టడి వేసేవాడు. ఊరికి వచ్చే నాలుగు దారులకూ వేపాకు తోరణం కట్టిన తాడు అడ్డం పడేది. మనిషి కాళ్ళు కడుక్కుని ఆ తాడు కింద నుంచి రావచ్చు. గొడ్డు రాకూడదు, పోకూడదు. ఏ వీధి మంద ఆ వీధిదే, ఏ మంద నీళ్ళ తొట్టి ఆ మందదే. జబ్బు గొడ్డును వంకకు దిగువన కట్టాలి, ఎగువన కడితే రెడ్డి కొడుకైనా తప్పు కట్టాల్సిందే. చచ్చిన గొడ్డు తోలు తీయకూడదు. గుంత తవ్వి, బట్టీ సున్నం చల్లి, పైన కంప వేసి పూడ్చాలి. చచ్చిన గొడ్డు తోలు లేవి హక్కు. కట్టడి నాళ్ళలో తన హక్కును తన చేతులతోనే పూడ్చేవాడు. అందుకు బదులుగా కళ్ళాల్లో ఇంటికింత అని జొన్నలు కొలిచేవారు.

మా నాయన మాబు సాహెబ్ బేతంచెర్ల స్టేషనుకు బండి మీద నాపరాళ్ళు తోలేవాడు. కట్టడి పడితే పొలిమేర రాయి దగ్గర బండలన్నీ దించేవాడు, అవతలి ఊరి బండి వచ్చి ఎత్తుకుపోయేది. దించి ఎత్తడంలో అంచులు విరిగేవి, గని మేస్త్రీ తల్లినీ చెల్లినీ కలిపి తిట్టేవాడు. మా నాయన తుడుచుకునిపోయేవాడు. "బండ పగిలితే బండనే పోతాది. ఎద్దు పోతే ఇల్లు పోతాది" అనేవాడు. మా ఎద్దులు రెండు. బూడిదరంగుది మైలోడు, నల్లది కర్రోడు. మా నాయన వాటికి తినబెట్టకుండా తాను ముద్ద ముట్టింది నేను చూడలేదు.

శివరాత్రి పోయిన వారానికి శేషాచలం అని పశువుల డాక్టరు మద్రాసు నుంచి వచ్చి గని బంగళాలో దిగాడు. చెడ్డవాడు కాదు. నా కోపమంతా అక్కడే. చెడ్డవాడైతే మొదటిరోజే కనిపెట్టి ఉండేవాణ్ణి. బడికి వచ్చి పిల్లలకు ఆవు బొమ్మ ఉన్న రంగుల పటం గోడకు తగిలించి పాఠం చెప్పాడు. మనిషి, పశువు, మట్టి, నీళ్ళు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయనీ, ఒక ముడి తెగితే అన్నీ ఊడిపోతాయనీ చెప్పాడు. మంచి మాటలు. ఇప్పటికీ అవి మంచి మాటలే. ముసరకు కొత్త సూది తెచ్చానన్నాడు. ముసర అంటే గొడ్లకు వచ్చే మహమ్మారి. నోరు పుండై, కండ్లు కారి, పారుకుని పారుకుని వారంలో చస్తాయి. ఆ సూది సంగతి కూడా ఆయనే విడమరిచి చెప్పాడు. ఒక సీసాలో మందు, ఇంకో సీసాలో జబ్బు గొడ్డు రక్తం. రెండూ కలిపి ఎక్కిస్తే గొడ్డుకు కాస్త నలత చేసి పోతుంది, ఇంక జన్మలో ముసర రాదు.

ఆయనకు ఇంకో పని కూడా ఉంది. సీమ రైతులు గొడ్లను ఎట్లా సాకుతారు, ఏ గడ్డి మేపుతారు, రోగమొస్తే ఏం చేస్తారు అని ఊరూరా తిరిగి గ్రంథం రాస్తున్నాడు. నా చేతిరాత చూసి, ఎర్ర అట్ట పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, మీ ఊరి కట్టడి సంగతి మొత్తం రాసిపెట్టండి. ఆ లేవి చెప్పింది చెప్పినట్టే రాయండి. అచ్చువేసేటప్పుడు మీ పేరు కూడా వేయిస్తాను" అన్నాడు.

అచ్చులో నా పేరు. ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే లేవి ఇంటికి పోయాను. లేవి తోళ్ళ తొట్టి పక్కన కూర్చుని తంగేడు చెక్క దంచుతున్నాడు. అతని భార్య ఏసుమణి గడపలో కొర్రలు చెరుగుతోంది.

"ఏందప్పా మాస్టరూ, ఇంత దూరం వచ్చినావు. చెప్పులు తెగినాయా?" అన్నాడు లేవి.

"లేదు లేవన్నా. నువ్వు గొడ్లను చూసే పద్ధతి రాసుకుందామని వచ్చినా. పుస్తకం వేస్తారంట. నీ పేరు గూడా ఉంటాది."

"మా పేర్లు పుస్తకాల్లోకి ఎక్కేది ఠాణాలోనే నాయనా. వద్దులే" అంది ఏసుమణి చేట దించకుండానే.

లేవి నవ్వాడు. "చెప్పనీలే. నేను చస్తే ఈ ఇద్య ఎవురికి పోతాది? మాస్టరు పిల్లోల్లకన్నా నేర్పుతాడు" అన్నాడు.

ఆ మాటకు నేను పొంగిపోయాను. వారం రోజులు బడి వదలగానే అక్కడికే పోయేవాణ్ణి. గాలికుంటు వస్తే ఏం చేస్తాడో చెప్పాడు. గాలికుంటు చంపే రోగం కాదు, నోరూ గిట్టలూ పుండ్లై గొడ్డు పనికి లేకుండా పోతుంది. ఒకదాని వెనక ఒకటి పడుతూ పోతే రెండు నెలలు ఊరు కట్టడిలోనే ఉండాలి. అందుకని లేవి, తేలిగ్గా జబ్బు చేసిన గొడ్డు చొంగను గుడ్డకు పట్టించి, ఆ మందలోని మిగతా గొడ్ల నోట్లో రాసేవాడు. అన్నిటికీ ఒకేసారి వచ్చి ఒకేసారి పోయేది. పదిహేను రోజుల్లో తాళ్ళు విప్పేవాళ్ళు. మా తాతల కాలం నుంచీ అతని ఇంట్లో ఇదే పద్ధతి. నేను ఒక పేజీ నిండా రాసుకున్నాను.

"ముసరకు గూడా ఇంతేనా?" అని అడిగాను.

లేవి చటుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆ మాట నోట్లోకే రానీయొద్దు. ముసర చొంగ తగిలిన చేత్తో ఇంగో గొడ్డును ముట్టుకున్యావంటే నువ్వు కసాయోనికంటే కనాకష్టం. ముసరకు ఎడం ఒకటే మందు. రాసుకో. కింద గీత గొట్టి రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను. గీత కూడా కొట్టాను. అది పక్క పేజీ.

"ముసర వస్తాదని ముందుగా ఎట్ల కనుక్కుంటావు?"

"ఊపిరి వాసన. గొడ్డు బాగుంటే ఊపిరి గడ్డి వాసన కొడతాది. ముసర బయటపడేదానికి ఒక దినం ముందు మారతాది."

"మారి ఏం వాసన కొడతాది?"

"అది పుస్తకంలోకి యాడ ఎక్కుతాదప్పా. నా ఎంట రా, నాలుగు గొడ్లను చూస్తే నీకే తెలుస్తాది" అన్నాడు.

నేను పోలేదు. నాకు వాసన ఎందుకు, రాత ఉండగా? పుస్తకం డాక్టరుకిచ్చాను. ఆయన పేజీలు తిప్పి, "ముత్యాలండీ ముత్యాలు" అన్నాడు. నేను నేలకు జానెడు పైన నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.

ఉగాది దాటిన మూడో రోజు పక్క ఊళ్ళో ముసర పడింది. లేవి తాళ్ళు కట్టేశాడు. మరుసటి పొద్దున డాక్టరు రెడ్డి ఇంటికి వచ్చి తాళ్ళు విప్పమన్నాడు. మా ఊరితో కలిపి ఇంకా రోగం తగలని మూడు ఊళ్ళ గొడ్లనూ గని కింద మైదానానికి తోలుకు రావాలి, అన్నిటికీ ఒకేరోజు సూది వేస్తానన్నాడు. అరుగు మీద రెడ్డి, డాక్టరు. కింద మా నాయనతో పాటు ఊళ్ళో సగం మంది. అందరికంటే వెనక, చెప్పులు విడిచి, లేవి.

"డాక్టరప్పా, ఒక మాట" అన్నాడు లేవి. "సూదిలో జబ్బు రకతం ఎక్కిస్తారని మాస్టరు చెప్పినాడు. ఎక్కించిన గొడ్డుకు పది పదైదు దినాలు జబ్బు ఉంటాది గదా. దాని చొంగలో గూడా ఉంటాది గదా. సూది పడని గొడ్డు పక్కనుంటే దానికి తగులుకోదా?"

డాక్టరు అతని వైపు చూశాడు. ఆ ప్రశ్న సరైనదని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఆయన మొహంలో నాకు కనపడింది.

"అందుకే అన్నిటికీ ఒకేరోజు వేస్తున్నాం. ఒక్కటి కూడా మిగలదు" అన్నాడు.

"మందు అన్నిటికీ సాలుతాదా?"

"రెడ్డిగారూ, మీ ఊళ్ళో వైద్యం వీడు చెబుతాడా, నేను చెప్పనా?"

రెడ్డి నవ్వాడు. రెడ్డి నవ్వితే కింద ఉన్నవాళ్ళూ నవ్వాలి కదా, నవ్వారు. నేనూ నవ్వాను. మా నాయన మాత్రం నవ్వలేదు. ఎద్దులను తోలనని ఇంటికి వచ్చి పందిరి కింద కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడి అరగంట పాఠం చెప్పాను. సూక్ష్మజీవులన్నాను, శాస్త్రమన్నాను, ప్రపంచం ఎక్కడికో పోతోందన్నాను.

"లేవి చెప్పిందాంట్లో తప్పేముండాది?" అన్నాడు.

"లేవి చదువుకున్నాడా నాయనా? నువ్వు చదువుకున్నావా? నాకు తెలుసు, నేను చెప్తాండా."

కన్నతండ్రితో అన్న మాట అది. ఆయన లేచి ఎద్దుల పలుపులు విప్పాడు.

మూడు ఊళ్ళవీ కలిసి ఆరు వందల గొడ్లకు పైనే ఆ మైదానంలో చేరాయి. నీళ్ళ తొట్టి ఒకటే. మందు సీసాలు రంపపు పొట్టులో మంచుగడ్డలతో రైల్లో రావాలి. రైలు ఐదు గంటలు ఆలస్యమైంది. పెట్టె తెరిచేసరికి మంచు నీళ్ళయి, నీళ్ళు కాగి ఉన్నాయి. సగానికి పైగా సీసాలు పనికిరావని డాక్టరే పక్కన పడేశాడు. అంతవరకు నిజాయితీపరుడే. మిగిలిన మందుతో సూది మొదలైంది. ముందు రెడ్డిగారి గొడ్లు, తర్వాత రెడ్డిగారి అల్లుడివి, తర్వాత ఇంకో ఊరి కరణంవి. సూది పడినవాటి చెవికి చిన్న రంధ్రం. పొద్దు వాలేసరికి రెండు వందల చెవులకు రంధ్రాలు పడ్డాయి, సీసాలు ఖాళీ అయ్యాయి. మైలోడు, కర్రోడు వరసలోనే ఉన్నాయి. నాలుగు వందల గొడ్లు వరసలోనే ఉన్నాయి.

లేవి పరుగున వచ్చాడు. "ఇప్పుడన్నా ఎడం జేయండి సామీ. గుచ్చినవి ఒక పక్కకు తోలుతా, గుచ్చనివి ఇండ్లకు తోలుకోని పోతారు. ఒక్క గడియలో చేస్తా."

డాక్టరు వద్దన్నాడు. వారంలో మళ్ళీ మందు వస్తుంది, మళ్ళీ ఇన్ని గొడ్లను పోగుచేయడం తన తరం కాదన్నాడు. అన్నీ ఇక్కడే మేయాలి, ఒక్క గొడ్డు కదిలినా రెడ్డిదే బాధ్యత అన్నాడు. తర్వాత గుడారంలో టీ తాగుతూ నాతో అసలు సంగతి చెప్పాడు.

"ఒకందుకు మంచిదే అయింది మాస్టారూ. చెవి రంధ్రం ఉన్నవి, లేనివి ఒకేచోట మేస్తే మందు ఎంత బాగా పనిచేస్తుందో పోల్చి చూసుకోవచ్చు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు."

ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అన్నారా? మా నాయన ఎద్దులు ఆయనకు పోల్చి చూసుకోవడానికి మిగిలాయి. నేను అప్పుడు ఏమన్నానో తెలుసా? "అవునండీ" అన్నాను. టీలో చక్కెర బాగా వేశారని కూడా అనుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున మా నాయన మేత వేస్తుంటే లేవి వచ్చి మైలోడి మూతి దగ్గర ముఖం పెట్టాడు. ఒకసారి ఊపిరి పీల్చాడు. పక్కకు పోయి కర్రోడిని చూశాడు. వచ్చి మా నాయన పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

"చెప్పు లేవీ" అన్నాడు మా నాయన.

"ఏం చెప్పేది మాబన్నా" అన్నాడు లేవి.

చెవి రంధ్రం ఉన్నవి నలతపడి లేచాయి. లేనివి పడ్డాయి, లేవలేదు. మళ్ళీ మందు పదమూడో రోజుకు వచ్చింది. అప్పటికి సూది వేయడానికి ఏం మిగిలాయని? మైలోడు గురువారం, కర్రోడు శనివారం పోయాయి. మా ఊరివే ఎనభై ఆరు. ఎనభై ఆరింటినీ లేవి, ఏసుమణి, వాళ్ళ వాడ మనుషులు ఎండలో గుంతలు తవ్వి సున్నం చల్లి తోలుతో సహా పూడ్చారు. అంత పెద్ద చావులో ఒక్క తోలు తీసుకోలేదు. సున్నానికి లేవి చేతులు బొబ్బలెక్కి చర్మం ఊడింది. మా నాయన మాత్రం తన ఎద్దుల గుంతలు తానే తవ్వుకున్నాడు. నేను పార పట్టుకుని పోతే, "నువ్వు బడికి పో" అన్నాడు. అదే ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అవుతుందని అప్పుడు తెలియదు.

ఇన్ని గొడ్లు ఎట్లా చచ్చాయని డాక్టరును పైనుంచి అడిగారు. అడగరా మరి? ఆయనకు అచ్చువేయాల్సిన గ్రంథం ఉంది, నిలుపుకోవాల్సిన ఉద్యోగం ఉంది. వెతుక్కుంటే నా ఎర్ర అట్ట పుస్తకం దొరికింది. అందులో చొంగ రాసే పేజీ చూపించి, లేవి మీద పైకి రాశాడు. తోళ్ళ కోసం మాదిగలు గొడ్లకు విషం పెడతారన్న మాట ఆ రోజుల్లో కచేరీల గోడల్లోనే ఉండేది, ఎవరూ కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. లేవి ఇంకా గుంత దగ్గరే ఉన్నాడు, చేతులకు సున్నం కూడా కడుక్కోలేదు. పోలీసులు అట్లాగే పట్టుకుపోయారు.

వైశాఖంలో తాలూకా కచేరిలో విచారణ. నన్ను సాక్షిగా పిలిచారు. లేవి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి అతని మొహం తేటపడింది. మాస్టరు వచ్చాడు, అంతా చెబుతాడు అనుకున్నాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కనపడుతుంది, నేను కండ్లు మూసుకున్నా తెరిచినా.

గుమాస్తా ఒక పేజీ గట్టిగా చదివాడు. "జబ్బు గొడ్డు చొంగను గుడ్డకు పట్టించి, బాగున్న గొడ్ల నోట్లో రాస్తాడు. ఆ మందకంతా జబ్బు వచ్చును."

మేజిస్ట్రేటు నా వైపు తిరిగాడు. "ఈ రాత నీదేనా?"

"నాదేనండీ. అయితే..."

"అడిగినదానికే చెప్పు. నీదా, కాదా?"

"నాదే."

"ఈ ముద్దాయి చెప్పగా రాసిందేనా?"

"అవునండీ."

"సరే. పో."

డాక్టరు ముందు బెంచీ మీద కూర్చుని తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. పుస్తకం బల్ల మీద అదే పేజీ దగ్గర తెరిచి ఉంది. పక్క పేజీ మీద నేను కొట్టిన గీత నాకు నిలబడిన చోటి నుంచే కనపడుతోంది. అది గాలికుంటు సంగతి, ముసరది కాదు, పక్కకు చూడండి అంటే సరిపోయేది. నాలుగు మాటలు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. భయపడ్డాను, అంతే. దీనికి ఇంకో పేరు పెట్టుకుని బతకడం నాకు చేతకాలేదు. బయటికి వచ్చి వేపచెట్టు కింద నీళ్ళు తాగాను. లోపల ఎనిమిది నెలలు వేశారు.

మా నాయన ఆ కబురు ఊళ్ళోవాళ్ళ నోట విన్నాడు. నేను ఇంటికి వచ్చేసరికి నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నాతో మాట్లాడకుండా గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"సూదితో ఎక్కిస్తే శాస్త్రమంట. గుడ్డతో రాస్తే విషమంట. ఆరు నూర్ల గొడ్లను ఒక్క తావున కట్టి సంపినోడు కుర్చీలో కూసున్యాడు. వద్దు వద్దని మొత్తుకున్యోడు కటకటాల్లో కూసున్యాడు. చదివిచ్చినా. నా ఎద్దులు లాగిన బండలతో చదివిచ్చినా."

ఆ రోజు నుంచి ఆయన గనిలో బండలు మోసే కూలికి పోయాడు. నేను వడ్డించిన సంగటి తినేవాడు కాదు.

రోహిణి కార్తెలో ఏసుమణి ఇంటికి పోయాను. పోవడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. తొట్టిలో నీళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"అక్కా, పెద్దదొర, కలెక్టరు, శిస్తు లెక్కలు చూసే జమాబందికి బేతంచెర్లకు వస్తాండాడంట. అర్జీ రాసిస్తా" అన్నాను.

"నీ రాత ఒకటి చూసినాం. సాలు."

"ముసరకు ఆ పని చేయకూడదని పక్క పేజీలో రాసినాక్కా. వాళ్ళు చదివింది ముందు పేజీ ఒక్కటే."

"పక్క పేజీ ఉండాదని నువ్వు ఆ పొద్దు చెప్పినావా?"

"లేదు."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నేనే పోతా. నాకు నోరుండాది. దొరకు నా నోటితో చెప్పుకుంటా" అని లోపలికి పోయి కొంగున ఇన్ని సద్దిరొట్టెలు కట్టుకుంది. బేతంచెర్లకు ఎనిమిది మైళ్ళు. ఆమె ముందు, నేను పది బారల వెనక. దారి పొడుగునా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

బంగళా వరండాలో గుమాస్తా బల్ల వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ జనం. ఏసుమణి వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

"దొరకు ఒక మాట చెప్పుకోవల్ల సామీ. నా మొగుడు జైల్లో ఉండాడు."

"అర్జీ ఏది?"

"అర్జీ లేదు. నోటితో చెప్తా."

"నోటిమాటలు దొర వినరు. రాయించుకుని రా."

"నా మొగున్ని పట్టుకపోయేటప్పుడు ఆయన నోటిమాట ఎవురన్నా విన్నారా సామీ?"

"అదంతా కాగితాల్లో ఉంటుంది. పక్కకు జరుగు."

ఆమె జరగలేదు. బల్లనూ, బల్ల మీది కాగితాలనూ చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, ఆ రోజు మొదటిసారిగా, నన్ను చూసింది.

"రాయప్పా. నేను చెప్పింది చెప్పినట్లే రాయి. నీ సొంతం ఒక్క మాట కలపొద్దు."

నేను వరండా మెట్ల మీద కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. ఆమె నా ఎదురుగా నిలబడి చెప్పింది. పక్కనున్న రైతులంతా చుట్టూ చేరారు.

"నా మొగుడు లేవి గొడ్లకు విషం పెట్టలేదు. రాసినావా?"

"రాసినా."

"ఎనభై ఆరు గొడ్లను తోలు తీయకుండా పూడ్చినాడు. తోలు కోసరం సంపినోడు తోలు ఎందుకు పూడుస్తాడు? నమ్మకుంటే మా ఊరికి వచ్చి గుంతలు తవ్వి చూసుకోండి. రాసినావా?"

"రాసినా."

"సూది గుచ్చిన గొడ్లను, గుచ్చని గొడ్లను ఒక్క తావున నిలబెట్టింది డాక్టరు. ఎడం జేయమని నా మొగుడు చెప్పినాడు. మూడూర్ల మనుషులు విన్నారు."

"రాసినా అక్కా."

"ఇదంతా ఎరిగినోడు ఒకడుండాడు. వాని పేరు హుసేన్ వలి. గానుగపెంట బడి మాస్టరు. పుస్తకం రాసింది వాడే. ముసరకు చొంగ తాకించగూడదని పక్క పేజీలో రాసినాడు. కచేరిలో నిలబెట్టి అడిగితే ఆ పేజీ మాట చెప్పలేదు. ఉద్యోగం పోతాదని భయపడి నోరు మూసుకున్యాడు. వాడు నోరు మూసుకున్యందుకు నా మొగుడు జైల్లో ఉండాడు."

నా చెయ్యి ఆగింది.

"ఆగినావేం?"

"రాస్తాండా."

"ఇప్పుడు చదువు. అందరికీ వినపడేటట్టు చదువు."

చదివాను. నా పేరు దగ్గర గొంతు తగ్గిస్తే ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఆమె వేలిముద్ర వేసింది. "సాక్షి అని నీ పేరు పెట్టు" అంది.

గుమాస్తా అర్జీ తీసుకుని చదివి కండ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు. "ఏమయ్యా, నీ మీద నువ్వే రాసుకున్నావు. సర్కారు డాక్టరు మీద కూడా రాశావు. పిల్లలకు పాఠం చెప్పుకునేవాడివి, నీకెందుకు ఇదంతా? సంతకం చేయకుండా పో, ఇది నేను చూడలేదనుకుంటాను" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఏసుమణి నాకు అడ్డం రాలేదు, బతిమాలలేదు. రొట్టె మూట విప్పుకుంటూ అటువైపు తిరిగింది. నేను సంతకం పెట్టాను.

ఆ అర్జీకి జవాబు రాలేదు. పద్దెనిమిదో రోజున నన్ను ఉద్యోగంలోంచి తీసేసినట్టు మాత్రం పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అర్జీ తేదీ, అందులో డాక్టరు మీద నేను ఏ వరసలో ఏమని రాశానో, అన్నీ మక్కికిమక్కి ఎత్తి రాశారు. అంటే చదివారు. మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఎనభై ఆరు గుంతల మాట కూడా చదివే ఉంటారు. లేవిని మాత్రం ఒక్క రోజు కూడా ముందుగా వదల్లేదు.